ఢిల్లీకి తొమ్మిది గంటలు

చిత్తూరు వకీలు దామోదరం గారి కారు వెంకటముని పూలంగడి ముందు ఆగినప్పుడు అక్కమ్మ అంగడిలో లేదు. బావి నుంచి నీళ్ళబిందె చంకన పెట్టుకొని వస్తూ, వెనకవైపు తాటాకు తడిక దగ్గరే ఆగిపోయింది. పరాయివాళ్ళు ఎదురుగా ఉంటే ఆ పిల్లకు కాళ్ళు ముందుకు పడవు, నోరు అంతకంటే పెగలదు. పదిహేనేళ్ళు వచ్చినా, తిరుచానూరులో సగంమందికి ఆమె గొంతు ఎట్లా ఉంటుందో తెలియదు.

వకీలుగారు పోయిన శుక్రవారం అమ్మవారి దర్శనానికి వచ్చి ఈ అంగడిలోనే ఒక మల్లెదండ తీసుకుపోయారట. అది చిత్తూరు చేరి, మరునాటి పొద్దుటికి కూడా కట్టినది కట్టినట్టే ఉందట. ఒక్క పువ్వు జారలేదట. జానెడుకొక మరువం రెమ్మ పెట్టి కట్టిన ఆ దండ ఎవరి చేతిదో చూసి పోదామని వచ్చానన్నారు.

తడిక వెనక అక్కమ్మ చెవులు రిక్కించింది. ఆ అంగడిలో జానెడుకొక మరువం రెమ్మ పెట్టేది తను ఒక్కతే. మరువం తడిని పట్టుకొని పక్కనున్న మొగ్గలకు ఇస్తుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టుకుంది. చిన్నాయన కూతురు సుబ్బులుకు మరువం పెట్టే ఓపిక లేదు. పువ్వును పువ్వు ఒరుసుకునేట్టు చకచకా కట్టుకుంటూ పోతుంది. తనకంటే ఏడాది చిన్నది, వేగంలో మాత్రం తనకు రెండింతలు.

అప్పుడు కూడా సుబ్బులు అంగడి ముందరి పీట మీద కూర్చుని కడుతూనే ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య అరటినార బిగిసి ఉంటే, కుడిచెయ్యి రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు పెట్టి ముడి తిప్పేస్తోంది. ఆ వేళ్ళను చూసినవాళ్ళెవరూ చూపు తిప్పుకోలేరు. వకీలుగారూ తిప్పుకోలేదు. ఈ పాపేనా అని అడిగారు.

ఎవరు ఏది కట్టారో అక్కమ్మ తండ్రి వెంకటముని ఏనాడూ పట్టించుకున్నవాడు కాదు. కట్టినవన్నీ ఒకే బుట్టలో పడతాయి, ఒకే మూరతో కొలిచి అమ్ముతాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి ముఖంలో సంతోషం చూశాడు, ఆ సంతోషాన్ని చెడగొట్టడం ఎందుకనుకున్నాడు.

"ఈ బిడ్డే సామీ, మా తమ్ముని కూతురు" అన్నాడు.

సుబ్బులు తలెత్తి ఒకసారి తడికవైపు చూసింది. ఏదో అనబోయినట్టు పెదాలు విడి మళ్ళీ కలుసుకున్నాయి. అక్కమ్మ చంకలో బిందె వంగి, నీళ్ళు ఒలికి పాదాల మీద పడ్డాయి. సొమ్మొకరిది, సోకొకరిది అనే మాట అమ్మ నోట వందసార్లు విన్నది కానీ, అది ఇట్లా కడుపులో మంట పెడుతుందని అప్పుడే తెలిసింది.

వకీలుగారు వచ్చిన పని వేరే ఉంది. ఢిల్లీలో ఉద్యోగం చేసే ఆయన తమ్ముడు బిడ్డ పెళ్ళి పెట్టుకున్నాడు. ఆ ఎండల్లో అక్కడ మంచి మల్లెలు దొరకవనీ, దొరికినా అమ్మవారి ఊరి పూలకు సాటి రావనీ మగపెళ్ళివాళ్ళ పట్టుదల. ఆయన విమానంలో పోతున్నారు. శుక్రవారం పొద్దున ఏడు గంటలకు మద్రాసులో విమానం లేస్తుంది. గురువారం సాయంత్రం నాలుగింటికి కారులో వస్తారు, దండల జత సిద్ధంగా ఉండాలి. ఆయన దిగిన పూటే ఎదుర్కోలు. దీపాలు పెట్టే వేళకు దండలోని మొగ్గలు అప్పుడే విచ్చుతూ ఉండాలి. ముందే విచ్చి వడలిపోయినా, విచ్చకుండా పచ్చిగా మిగిలినా వియ్యంకుల ముందు తల ఎత్తుకోలేనన్నారు. ఈ పాపే కట్టాలి అని మరీ చెప్పి కారెక్కారు.

కారు రేపిన దుమ్ము ఇంకా అణగలేదు, వెంకటముని నుదురు కొట్టుకున్నాడు. విమానం ఎప్పుడు లేస్తుందో చెప్పారు, ఎప్పుడు దిగుతుందో చెప్పలేదు. అడగడానికి తనకు నామోషీ అయింది.

అది అడగకపోతే మల్లెపనే సాగదు. చెట్టుమీద మొగ్గను చూసి అది ఏ పూట విచ్చుతుందో చెప్పడమే వాళ్ళ విద్య. పాలలాగా తెల్లబడి మెడ దగ్గర పలచబడింది ఈపొద్దు మొగ్గ, అది ఆ సాయంత్రమే విచ్చుతుంది. మెడ దగ్గర లేత ఆకుపచ్చ ఇంకా ఉంటే రేపటి మొగ్గ. బియ్యపుగింజంత పచ్చగా, గట్టిగా ఉంటే ఎల్లుండి మొగ్గ. కోసి తడిగుడ్డలో చుట్టినా దాని గడియ వచ్చేవరకు అది విచ్చదు, గడియ దాటితే నిలవదు. కాబట్టి ఢిల్లీ ఎన్ని గంటల దూరమో తెలిస్తే తప్ప ఏ మొగ్గ కోయాలో తెలియదు.

కాశీకి పోయివచ్చిన ముసలివాళ్ళు మూడు పగళ్ళు, మూడు రాత్రులు రైల్లో కూర్చున్నామని చెప్పగా వెంకటముని విన్నాడు. ఢిల్లీ దానికంటే దగ్గరో దూరమో అతనికి తెలియదు. ఇంట్లో అయిదో తరగతి దాకా చదివింది అక్కమ్మ ఒక్కతే. రేపు పొద్దున పోయి దొరస్వామి అయ్యవారిని అడిగి రమ్మన్నాడు.

ఎండాకాలం సెలవులు. అయినా దొరస్వామి అయ్యవారి కాపురం బడి పక్క గదిలోనే. అక్కమ్మ గుమ్మం దగ్గర నిలబడి, గొంతు సవరించుకొని, మళ్ళీ ఊరుకొని, మూడోసారికి గానీ వచ్చిన పని చెప్పలేకపోయింది. అయ్యవారు తాళంచెవి తీసుకొని బడి తలుపు తెరిచారు. నెలరోజుల దుమ్ము వాసన. గోడకు దేశపటం అట్లాగే వేలాడుతోంది.

"నువ్వే కొలువు, సూద్దాం" అన్నారు అయ్యవారు.

అక్కమ్మ కొంగుకు ముడివేసుకున్న అరటినార తీసింది. ఒక కొసను మద్రాసు చుక్క మీద బొటనవేలితో అదిమి, రైలుగీత ఎటు వంగితే అటు వంచుకుంటూ పైకి పోయింది. అయ్యవారు నవ్వారు. విమానానికి పట్టాలెందుకు, కొంగ పోయినట్టు పోతుందన్నారు. ఆమె సిగ్గుపడి నారను నిటారుగా లాగి పట్టుకుంది. మద్రాసు నుంచి ఢిల్లీకి, మధ్యలో ఏ వంకరా లేకుండా. బద్దతో కొలిస్తే పదకొండు అంగుళాలు. అంగుళానికి నూరు మైళ్ళని పటం మూలన రాసి ఉంది. అంటే పదకొండు నూర్ల మైళ్ళు.

అయ్యవారు పాత పత్రికల కట్టలో వెతికి ఒక కాగితం తీశారు. అందులో విమానం గంటకు నూటయాభై మైళ్ళు పోతుందని ఉంది. పలక ఆమె చేతికిచ్చారు. అక్కమ్మ భాగించింది. ఏడుంబావు దాటి కొంచెం. దారిలో హైదరాబాదులో, నాగపూరులో దిగి నూనె పోయించుకొని మళ్ళీ లేస్తుందట. దానికొక గంటన్నర పైన. మొత్తం మీద తొమ్మిది గంటలు. పొద్దున ఏడింటికి లేస్తే సాయంత్రం నాలుగింటికి ఢిల్లీ.

అక్కమ్మ పలక మీది అంకెను అట్లాగే చూస్తూ ఉండిపోయింది. తిరుచానూరు నుంచి చిత్తూరుకు బస్సులో పోయి, పనిచూసుకొని తిరిగివస్తే అంతసేపు పడుతుంది. ఆ పొద్దులోనే ఒక మనిషి పదకొండు నూర్ల మైళ్ళు పోయి దిగుతాడు. రేపటి మొగ్గ సరిగ్గా సరిపోతుంది. శుక్రవారం దీపాలవేళకు విచ్చుతుంది. తిరిగివచ్చేటప్పుడు ఆమె నడిచినట్టు లేదు. ఈ లెక్క ఇంట్లో తను తప్ప ఎవరూ చెప్పలేరు. నాయనకు ఎట్లా చెప్పాలో, మొదట మైళ్ళు చెప్పాలో గంటలు చెప్పాలో దారి పొడవునా కూర్చుకుంటూ వచ్చింది.

ఇంటి ముందర పందిరి కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి ఉన్నారు. పక్క అంగళ్ళవాళ్ళు. నడుమ సుబ్బులు కూర్చుని ఉంది. అక్కమ్మ తల్లి తిరుమలమ్మ ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని, ఒక్కొక్క వేలికీ ఆముదం రాస్తోంది. నార కోసుకుపోకుండా, చర్మం పగలకుండా, వేలి మొదలు నుంచి గోరు దాకా మెల్లగా ఒత్తుతోంది. ఈ చెయ్యి ఢిల్లీకి పోతాండాది చూడండి అని వచ్చినవాళ్ళతో చెబుతోంది. ఒకామె సుబ్బులు బుగ్గలు పుణికి, ఇంక నీకు ఢిల్లీ మొగుడే వస్తాడు అంది. అందరూ నవ్వారు.

అక్కమ్మ తన చేతులకేసి చూసుకుంది. చూపుడువేలి పక్కన నార కోసిన గీత ఉంది, గట్టిగా ఒత్తితే నెత్తురు చిమ్మేట్టు. అమ్మ తన చేతికి ఆముదం రాసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

వెంకటముని ఆమెను చూసి లేచి వచ్చాడు. "ఏం చెప్పినాడు అయ్యవారు? ఎంతసేపంట?"

కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. వేరే మాట, ఎవరో పక్కన నిలబడి అందించినట్టు, నోట్లోకి వచ్చింది.

"రెండు దినాలు" అంది అక్కమ్మ. "శుక్రవారం ఎక్కితే శనివారం మాపటికి దిగేదంట. పటంలో కొలిచినాము."

ఎప్పుడూ మాట్లాడని పిల్ల కాబట్టి, మాట్లాడితే అబద్ధం ఉంటుందని ఎవరికీ తోచలేదు. వెంకటముని తల ఊపాడు. రైలుకు మూడు దినాలైతే గాలిలో పోయేదానికి రెండన్నా పట్టదా అన్నాడు. ఇంకేం, గురువారం పొద్దున ఎల్లుండి మొగ్గలే కొయ్యల్ల అని సుబ్బులుతో చెప్పాడు. సుబ్బులు సరే పెదనాయనా అంది.

ఆ పచ్చి మొగ్గలు శుక్రవారం సాయంత్రం ఢిల్లీలో ఎట్లా ఉంటాయో అక్కమ్మకు తెలుసు. పెళ్ళికొడుకు మెడలో వడ్లగింజలు గుచ్చినట్టు ఉంటాయి. ఎదుర్కోలుకు వచ్చినవాళ్ళు ముఖాలు చూసుకుంటారు. వకీలుగారు తిరిగివచ్చి, ఆ పాప ఏదని అడుగుతారు. అప్పుడు ఈ ఆడవాళ్ళందరూ వినాలి. అంతవరకే అనుకుంది. ఆ తరువాత నాయన అంగడికి ఏమవుతుందనేది ఆమె మనసులోకి రానివ్వలేదు.

బుధవారమంతా సుబ్బులు వదలకుండా వెంటపడింది. బావి దగ్గర బట్టలు జాడిస్తుంటే వచ్చి, ఢిల్లీ సముద్రం ఒడ్డునా కాదా అని అడిగింది. విమానంలో కిటికీలు తెరిచి పెడితే పూలకు గాలి తగలదా అంది. అక్కమ్మ ఊ అనీ, ఉఁహూ అనీ బట్టను బండకేసి కొట్టింది.

మధ్యాహ్నం సుబ్బులు ఒక మూరెడు దండ కట్టి తెచ్చి చూపించింది. అందులో మరువం రెమ్మలున్నాయి. ఒకచోట గుప్పెడంత గుబురుగా, ఒకచోట అసలు లేకుండా.

"నీ మాదిరి రాలా అక్కా. నువ్వు జానెడుకు ఒకటి ఎట్ల పెడతావు? సూపించు" అంది.

"నాకేం తెలుసు. వాళ్ళకు కావాల్సింది నీ చెయ్యే గదా."

సుబ్బులు ముఖం చిన్నబోయింది. "ఆపొద్దు దండ నీదని నాకు తెలుసు. చెప్దామనుకునేలోగా పెదనాయన చెప్పేసినాడు. ఆయన మాట కాదంటే సామి ముందర తక్కువైపోడా?"

"అయితే ఇప్పుడు పోయి చెప్పు."

సుబ్బులు దండ ఒళ్ళో పెట్టుకొని మరువం రెమ్మలు ఒక్కొక్కటే పీకింది. చెప్పడం ఆ పిల్లకు ఇష్టం లేదని అక్కమ్మకు అర్థమైంది. ఎందుకుంటుంది? ఆముదం రాసిన చెయ్యి ఎవరు మాత్రం వెనక్కి తీసుకుంటారు? ఆ కోపంలో అక్కమ్మకు ఇంకొక ఆలోచన వచ్చింది. రేపు అంగడి కోసమని చెప్పి తను రేపటి మొగ్గలు కోసుకుంటుంది. తన పద్ధతిలో ఒక చిన్న దండ కట్టి, అమ్మవారి పూలు కూడా తీసుకుపొండి సామీ అని నాయన చేత కారులో పెట్టిస్తుంది. ఢిల్లీలో పెళ్ళిదండలు పచ్చిగా ఉంటాయి, ఆ పక్కన ఆ చిన్నదండ ఒక్కటే గుప్పుమంటుంది. అప్పుడు వకీలుగారే అడుగుతారు, ఇది ఎవరు కట్టారని.

గురువారం వెలుగు రాకముందే అందరూ తోటలో ఉన్నారు. తోటంటే గుత్తకు తీసుకున్న అరెకరం. పాదులకు నిన్న సాయంత్రం కట్టిన నీళ్ళు ఇంకా చల్లగా కాళ్ళకు తగులుతున్నాయి. సుబ్బులు తూర్పు సాళ్ళలో, అక్కమ్మ పడమటి సాళ్ళలో. మొగ్గ కోయడానికి గోరు తగలకూడదు. తొడిమ కింద వేలు పెట్టి వెనక్కి వంచితే టిక్కుమని రావాలి. సుబ్బులు పచ్చి మొగ్గలు వెతుక్కుంటూ వంగి వంగి పోతోంది. అవి ఆకుల్లో ఆకుల్లాగా ఉంటాయి, దొరకడం కష్టం. అక్కమ్మ రేపటి మొగ్గలు కోసుకుంటోంది. తన బుట్టను తడిగుడ్డతో కప్పి, గుడ్డ అంచులు లోపలికి దోపింది.

ఏడు దాటేసరికి ఎండ చుర్రుమంది. బుట్టలు పాక కిందికి చేర్చారు. వెంకటముని ముందే అంగడికి పోయాడు, తిరుమలమ్మ సంగటి కెలకడానికి ఇంటికి పోయింది. సుబ్బులు చెంబుతో నీళ్ళు తెచ్చి తన బుట్టమీద చల్లింది. అలవాటుగా అక్కమ్మ బుట్టమీద కూడా చల్లబోయి గుడ్డ ఎత్తింది.

ఎత్తి అట్లాగే ఉండిపోయింది. ఒక మొగ్గ తీసి మెడ దగ్గర చూపుడువేలితో తడిమింది. ఇంకొకటి తీసింది.

"ఇవి రేపటివి" అంది.

"అంగడికి."

"అంగడికైతే ఈపొద్దువి కొయ్యల్ల గదా."

అక్కమ్మ చెంబు అందుకొని గుడ్డ కప్పేయబోయింది. సుబ్బులు గుడ్డ వదలలేదు. ఆ పిల్లకు అక్షరం ముక్క రాదు. పటం చూసి ఎరగదు. కానీ మొగ్గ చూస్తే కోసినవాళ్ళు ఏ గడియకు కోశారో చదవగలదు. తన బుట్టకేసి చూసింది. అక్క బుట్టకేసి చూసింది. ఆమె ముఖంలో ముందు ఏమీ అర్థం కాని చూపు, తరువాత ఒక్కొక్కటిగా అర్థమవుతున్న చూపు, చివరకు అక్కమ్మ భరించలేని చూపు కనిపించాయి.

"అక్కా, ఢిల్లీకి ఎన్ని గంటలు?"

పాక మీద కాకి అరిచి పోయింది. అక్కమ్మ నేల చూస్తోంది.

"తొమ్మిది" అంది.

సుబ్బులు ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. రెండూ జరగలేదు. ఆ పిల్ల తన బుట్టలోకి చెయ్యిపెట్టి, మూడుగంటలు వంగి కోసిన పచ్చి మొగ్గలను గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ బుట్టలోకే జారవిడిచింది.

"నువ్వే పోయి పెదనాయనతో చెప్పు. నేను చెప్పను" అంది. "నువ్వు చెప్పేదాకా నేను కట్టను."

చెప్పి పాక స్తంభానికి ఆనుకొని కూర్చుంది.

తోట నుంచి అంగడికి పావుమైలు కూడా లేదు. అక్కమ్మకు అది ఎంత దూరమో తెలియలేదు. మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఊరుకుంటే ఏమవుతుంది? నాలుగింటికి కారు వస్తుంది, దండలు ఉండవు. లేదా సుబ్బులే భయపడి పచ్చివి కట్టేస్తుంది. కట్టదు. ఆ పిల్ల మొండితనం తనకు తెలుసు. అయ్యవారు తప్పు చెప్పాడంటే నాయన నమ్ముతాడు. ఆ మాట కూడా నోటిదాకా వచ్చింది. పలక తన చేతికిచ్చి, నువ్వే కొలువు అన్న మనిషి మీద ఆ తప్పు వెయ్యలేకపోయింది.

అంగడి ముందర తమిళదేశపు యాత్రికులు ఎవరో కదంబం బేరమాడుతున్నారు. వాళ్ళు పోయేవరకు అక్కమ్మ స్తంభం చాటున నిలబడింది. తరువాత తండ్రి దగ్గరకు పోయి, ఆయన ముఖం చూడకుండా, తూకపురాళ్ళు చూస్తూ చెప్పింది.

"నాయనా, విమానం తొమ్మిది గంటల్లో పోతాది. శుక్రవారం మాపే దిగుతారు."

వెంకటముని చేతిలో నీళ్ళు చిలకరించే కుంచె ఆగింది. "అయ్యవారు రెండు దినాలన్నాడు గదా."

"ఆయన తొమ్మిది గంటలనే చెప్పినాడు."

"మరి రెండు దినాలని ఎవరు చెప్పినారు?"

"నేను."

వెంకటముని ఎందుకని అడగలేదు. అడుగుతాడని, తను చెప్పలేక నిలబడతానని భయపడుతూ ఉంది. ఆయన అడగకపోవడం దానికంటే బరువుగా ఉంది. కూతురిని కొత్తమనిషిని చూసినట్టు తలనుంచి కాళ్ళదాకా చూశాడు. కుంచె నీళ్ళకుండలో పెట్టాడు.

"రేపటివి ఎన్ని పడులుండాయి?"

"రెండు కోసినా."

"నాలుగు కావాల. ఎండ ఇంకా ముదరకముందే పో. నేనూ వస్తా."

ఆ పూట మిగిలిన రెండు పడులూ తండ్రీకూతుళ్ళు కలిసి కోశారు. పక్కపక్క సాళ్ళలో ఉండి కూడా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తిరుమలమ్మే మాట్లాడింది. సంగటి కుండతో వచ్చి, విషయం విని, కుండ దించి, చదువుకోమని పంపితే నువ్వు నేర్చింది ఇదా అని మొదలుపెట్టి ఆపకుండా అంది. గుడ్డ కప్పకుండా వదిలేసిన బుట్టలో సుబ్బులు కోసిన పచ్చి మొగ్గలు వేడికి కమిలిపోయాయి, ఇంక ఎందుకూ పనికిరావు. శనివారం అంగడిలో పెట్టాల్సిన మల్లెలన్నీ ఆ బుట్టలోనే ఉన్నాయి. వెంకటముని ఆ బుట్ట ఎత్తి దిబ్బ మీద కుమ్మరించి, బోర్లించి తట్టాడు.

పందిరి కింద చాప పరిచారు. పెళ్ళిదండ ఒక్కరు కట్టేది కాదు. ఒకరు కడుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళు మొగ్గలను తొడిమలు సమంగా పేర్చి, రెండేసి అందిస్తూ ఉండాలి. అందించే చెయ్యి ఆలస్యమైతే కట్టే చెయ్యి ఆగిపోతుంది. ఆగితే నార వదులవుతుంది. కట్టే పీట మీద ఎవరు కూర్చోవాలో వెంకటముని చెప్పలేదు. అక్కమ్మ తనే పోయి అందించేచోట కూర్చుంది.

అక్కమ్మ పేరుస్తూ, అందిస్తూ ఉంది. సుబ్బులు వేళ్ళను అంత దగ్గర నుంచి, అంతసేపు ఆమె ఎన్నడూ చూడలేదు. ముడి తిప్పేటప్పుడు చిటికెనవేలు ఒక్క క్షణం పైకి లేచి మొగ్గ మెడను కాపాడి దిగుతుంది. తనకు ఆ పని రాదు. తను బలంగా లాగుతుంది, అందుకే నార వేలిని కోస్తుంది. అది చూసి మెచ్చుకోబుద్ధీ వేసింది, ఆ చిటికెనవేలు విరిచేయబుద్ధీ వేసింది.

జానెడు కట్టాక సుబ్బులు ఆగింది. ముఖం తిప్పకుండానే అడిగింది.

"మరువం ఇప్పుడా?"

"ఇంకా రెండు వరసలు."

రెండు వరసలు కట్టింది. అక్కమ్మ మరువం రెమ్మను రెండాకుల కింద గిల్లి, కాడ లోపలికి పోయేట్టు తిప్పి అందించింది.

"కాడ కిందికి ఉండల్ల. తడి నారకు తగలల్ల" అంది.

"ఓహో" అంది సుబ్బులు. మళ్ళీ కట్టసాగింది. తరువాత జానెడుకు ఆ పిల్ల అడగలేదు, చెయ్యి చాచింది. అక్కమ్మ రెమ్మ పెట్టింది.

నాలుగింటికి కారు వచ్చింది. వకీలుగారు దిగలేదు, మద్రాసు చేరేసరికి పొద్దుపోతుందని తొందరపడుతున్నారు. అరిటాకుల్లో, తడిగుడ్డలో చుట్టిన వెదురుబుట్టను వెంకటముని కారు కిటికీ దగ్గరికి ఎత్తి చూపించాడు. ఆయన గుడ్డ తొలగించి, ఒక మొగ్గను ముట్టుకొని, ఇది రేపు సాయంత్రం విచ్చుతుంది గదా అన్నారు. విచ్చుతాది సామీ, మీరు దిగినాక దీపాలు పెట్టేయాళకు అన్నాడు వెంకటముని. ఇద్దరు ఆడపిల్లలూ పందిరి గుంజకు చెరొకవైపు నిలబడి చూస్తున్నారు. ఆయన వాళ్ళవైపు చూడలేదు. ఎవరు కట్టారని కూడా అడగలేదు. పెళ్ళి తొందరలో ఆ మాటే ఆయనకు గుర్తున్నట్టు లేదు. కారు రేణిగుంట దారిలో పోయింది. సుబ్బులు తన చేతులను పావడాకు తుడుచుకుంది.

శుక్రవారం అంగడిలో మల్లెలు తక్కువ. ఆపొద్దు విచ్చాల్సిన మొగ్గలు నిన్ననే ఢిల్లీ దండల్లోకి పోయాయి. కనకాంబరాలు, మరువం, దవనం పెట్టుకొని కూర్చున్నారు. పక్క అంగళ్ళవాళ్ళు వచ్చిపోతూ, మీ పూలు ఇప్పుడు గాలిలో పోతాండాయంట గదా సుబ్బులూ అని పలకరిస్తున్నారు. ప్రతిసారీ ఆ మాట అక్కమ్మకు ముల్లులాగే గుచ్చుకుంది. అది మానలేదు. మానుతుందని ఆమె అనుకోనూ లేదు. వెంకటముని పొద్దుటినుంచి ఆమెను పేరుపెట్టి పిలవలేదు.

ఏడింటికి గుడివైపు నుంచి గంట వినబడినప్పుడు ఆమె నార చుట్ట విప్పుతోంది. ఇప్పుడు లేచి ఉంటుంది అనుకుంది. మధ్యాహ్నం, తండ్రి భోజనానికి పోయినప్పుడు, సుబ్బులు కనకాంబరాలు కడుతూ కడుతూ అడిగింది.

"ఇప్పుడు యాడుంటాది?"

అక్కమ్మ మనసులో లెక్క వేసింది. "నాగపూరులో. నూనె పోయించుకుంటా ఉంటాది."

"ఆకలేస్తాదా, అన్నేసి మైళ్ళు పోతే?"

"విమానానికా, సామికా?"

సుబ్బులు నవ్వు ఆపుకుంది. అక్కమ్మ నవ్వలేదు కానీ, నవ్వించాననే సంగతి తెలిసింది.

నిన్న దండలు ముగిసేసరికి బుట్ట అడుగున దోసెడు మొగ్గలు మిగిలాయి. అదే తోట, అదే సాలు, అదే గడియకు కోసినవి. సుబ్బులు వాటిని పారేయకుండా తడిగుడ్డలో చుట్టి ఇంట్లో నీళ్ళకుండ పక్కన పెట్టింది. సాయంత్రం అంగడి కట్టేసి వచ్చి ఇద్దరూ ఆ మూట విప్పారు. ఇత్తడిపళ్ళెంలో మొగ్గలు పరిచి, పందిరి కింద పెట్టుకొని, అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

మొగ్గలన్నీ మూసుకునే ఉన్నాయి. మెడ దగ్గర పచ్చదనం పోయింది, తెల్లబడ్డాయి, అంతవరకే. వెంకటముని కాళ్ళు కడుక్కొని వస్తూ పళ్ళెంలోకి వంగి చూశాడు. పోయి అరుగు మీద కూర్చున్నాడు. తిరుమలమ్మ దీపం వెలిగించి గూట్లో పెట్టింది. వీధిలో గొర్రెలు తిరిగి వస్తున్నాయి.

ఢిల్లీలో దీపాలు పెట్టి ఉంటారు. తను చెప్పిన తొమ్మిది గంటలు తప్పయితే? పత్రికలో అంకె తప్పు పడి ఉంటే, నార కొంచెం వదులుగా పట్టుకొని ఉంటే? పటం మీద వెంట్రుకంత వదులైనా పది మైళ్ళు. అక్కమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కదలకుండా చూస్తోంది. ఎదుట సుబ్బులు కూడా అట్లాగే చూస్తోంది. ఆ పిల్ల పెదాలు లోపలికి మడుచుకొని ఉన్నాయి. దానికీ భయంగానే ఉందని అక్కమ్మకు అప్పుడు తెలిసింది.

పళ్ళెం అంచున, తనవైపు ఉన్న ఒక మొగ్గ కొస సన్నగా చీలింది. ముందు దీపం నీడేమో అనుకుంది. కాదు. ఒక రేకు మిగిలినవాటి నుంచి విడివడి, కొద్దిగా, మెల్లగా వెనక్కి వంగుతోంది. అరుగు మీద తండ్రి ఎదురుచూస్తున్నాడు. ఇదిగో అనాలని ఆ మాట గొంతులోకి వచ్చింది. మొదట చూసింది తను.

అక్కమ్మ పళ్ళాన్ని చేత్తో ఇంత తిప్పి, ఆ మొగ్గ సుబ్బులు వైపు వచ్చేట్టు చేసింది. చేసి, నోరు మూసుకొని, ఆ పిల్ల చూసేవరకు కాచుకుంది.